రిజిస్టరులో ఒక తేదీ, శుభలేఖలో ఇంకో తేదీ

ఒకే జంటకి రెండు పెళ్ళిరోజులు ఉండడం ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు వైపు ఇప్పుడు వింతేమీ కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టిన రోజు ఒకటి. పందిట్లో జీలకర్ర బెల్లం పెట్టుకున్న రోజు రెండోది. మధ్యలో నాలుగు నెలలు గడవొచ్చు, నాలుగేళ్ళూ గడవొచ్చు. వీసాకి కాగితం కావాలని కొందరు ముందు సంతకాలు చేస్తారు. కులాలు వేరై పెద్దలు మాట్లాడక కొందరు, ముహూర్తాలు లేక కొందరు, చేపల చెరువు పట్టుబడి అయ్యాకే చేతిలో డబ్బు ఆడుతుందని కొందరు పందిరిని వాయిదా వేస్తారు.

అందరూ అడిగే ప్రశ్న ఒకటే. ఈ రెండిటిలో అసలు పెళ్ళి ఏది? దీనికి జవాబు ఆ కాగితం ఏ చట్టం కింద పుట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పుడితే ఆ కాగితం పుట్టిన రోజే పెళ్ళి. తర్వాత చేసేది ఎంత ఘనంగా చేసినా వేడుకే. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద పుడితే కాగితం సాక్ష్యం మాత్రమే, తతంగమే పెళ్ళి. తతంగం జరగకుండా ఆ కాగితం చేతిలో ఉంటే చట్టం దృష్టిలో వాళ్ళిద్దరికీ పెళ్ళి కాలేదు. రెండు చట్టాలకీ మధ్య ఏడాది కూడా తేడా లేదు. మొదటిది 1955 జనవరి 1న, రెండోది అదే ఏడాది మే 18న అమల్లోకి వచ్చాయి. రెండు పనులూ మన దగ్గర సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే జరుగుతాయి. జనం తికమక పడేది అందుకే.

ఈ తికమక ఎంత దూరం తీసుకెళ్తుందో 2024 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూస్తే తెలుస్తుంది. ఇద్దరు పైలట్లు. 2021 మార్చిలో నిశ్చితార్థం అయింది. జూలై 7న ఒక సంస్థ నుంచి పెళ్ళి జరిగినట్టు సర్టిఫికెట్ తీసుకుని, దాన్ని చూపించి ఉత్తరప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. అసలు వేడుకకి 2022 అక్టోబరు 25 అని తేదీ పెట్టుకున్నారు. ఈలోగా గొడవలొచ్చాయి, కేసులు పడ్డాయి, విడాకుల దాకా వెళ్ళింది. చివరికి జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ఆ సర్టిఫికెట్లు రెండూ చెల్లవని తేల్చింది. హిందూ వివాహ చట్టం సెక్షన్ 7 చెప్పిన తతంగం ఏదీ జరగలేదు కాబట్టి హిందూ వివాహమే జరగలేదంది. విడాకులు ఇవ్వడానికి అక్కడ పెళ్ళే లేదు. పెళ్ళంటే ఆటపాటలకీ విందులకీ పెట్టుకున్న సందర్భం కాదని కూడా ధర్మాసనం యువతకి గుర్తుచేసింది.

ఆ ఇద్దరూ కోరుకున్నది విడిపోవడమే కాబట్టి వాళ్ళకి అది ఊరట. కలిసి బతకాలనుకున్న జంట సంగతి ఆలోచించండి. అలాంటి కాగితంతో వీసా తెచ్చుకుని, ఇల్లు కొని, పిల్లల్ని కన్న తర్వాత ఏదో ఆస్తి తగాదాలో ఎదుటి పక్షం వకీలు లేచి, వీళ్ళకి సప్తపది ఎప్పుడు జరిగిందని అడిగితే? సెక్షన్ 7 ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం పాటించాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే అగ్ని ముందు ఏడో అడుగు పడ్డాకే పెళ్ళి పూర్తవుతుంది. మన పెద్దలకి ముహూర్తమంటే జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ. ఫొటోగ్రాఫర్లు కూడా ఆ ఘడియ కోసమే కాచుకుంటారు. చట్టం మాత్రం ఏడో అడుగు దాకా ఆగుతుంది. భోజనాల హడావుడిలో సప్తపదిని రెండు నిమిషాల్లో ముగించమని పురోహితుణ్ణి తొందరపెట్టే వాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ ఏడడుగుల వీడియో జాగ్రత్తగా దాచుకోమని నేను తెలిసిన వాళ్ళందరికీ చెబుతుంటాను.

వేడుక తర్వాత చేసుకుంటాం, ముందు చట్టబద్ధంగా ఒకటవుతాం అనుకునే జంటకి సరైన దారి 1954 చట్టం. దాని లెక్కలు కొంచెం ఓపిగ్గా చూడాలి.

మొదటి లెక్క వయసు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. తర్వాత 30 రోజుల నివాసం. పెళ్ళి చేసుకోబోతున్నామని మ్యారేజ్ ఆఫీసర్‌కి నోటీసు ఇచ్చే రోజుకి ముందు ఇద్దరిలో కనీసం ఒకరు ఆ ఆఫీసర్ పరిధిలో 30 రోజులకి తక్కువ కాకుండా ఉండి ఉండాలి. చట్టంలో 'జిల్లా' అనే ఉంటుంది గానీ అది కలెక్టరు గారి జిల్లా కాదు, ఆ ఆఫీసర్ని నియమించిన ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడి కైకలూరు కృష్ణా నుంచి ఇటు వచ్చింది, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. దాంతో ఏలూరు అబ్బాయి, గూడెం అమ్మాయి ఏ ఊళ్ళో నోటీసు ఇవ్వాలన్న అనుమానం చాలామందికి వచ్చింది. ఇద్దరిలో ఎవరి ఊరైనా సరిపోతుంది. రెండో వాళ్ళ శాశ్వత నివాసం వేరే ఆఫీసర్ పరిధిలో ఉంటే నోటీసు ప్రతి అక్కడికీ వెళ్ళి, ఆ ఆఫీసు గోడ మీద కూడా పడుతుంది.

ఆ గోడే చాలా జంటలకి భయం. పేర్లు, వయసు, వృత్తి, చిరునామా అన్నీ ఉన్న కాగితం అందరికీ కనపడే చోట 30 రోజులు ఉంటుంది. కులం దాటి చేసుకునే వాళ్ళకి అవి ఎంత బరువైన రోజులో వేరే చెప్పాలా? ఇండియా మానవాభివృద్ధి సర్వే 2011–12లో లెక్క తీస్తే దేశంలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతమే. ఆ 5 శాతంలోకి అడుగుపెట్టే వాళ్ళ చిరునామాని గోడకెక్కించడం వాళ్ళని ఆపదలోకి నెట్టడమే అని నా అభిప్రాయం. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఈ ప్రచురణ జంట ఇష్టాన్ని బట్టి ఉండాలని చెప్పింది. చట్టంలో అక్షరాలు మాత్రం మారలేదు.

అయితే ఆ 30 రోజుల్లో ఎవరు పడితే వాళ్ళు వచ్చి పెళ్ళి ఆపలేరు. అభ్యంతరానికి కారణం సెక్షన్ 4లోదే కావాలి. ఇద్దరిలో ఒకరికి జీవించి ఉన్న భార్యో భర్తో ఉండడం, వయసు చాలకపోవడం, సమ్మతి చెప్పే మానసిక స్థితి లేకపోవడం, నిషిద్ధ బంధుత్వం. మా కులం కాదు, మాకు ఇష్టం లేదు అనేవి అందులో లేవు. అభ్యంతరం వస్తే ఆఫీసర్ 30 రోజుల్లో విచారించి తేల్చాలి. సబబు కాని అభ్యంతరం, చెడు ఉద్దేశంతో వేసినదని తేలితే వేసినవాడి మీద 1,000 రూపాయల దాకా ఖర్చులు విధించొచ్చు. 1954లో అది బరువైన మొత్తమే. ఇప్పుడు దానికి జడిసేవాడు లేడు. ఈ అంకె పెంచాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది.

గడువు దాటాక ముగ్గురు సాక్షులతో వెళ్ళి డిక్లరేషన్ మీద సంతకాలు చేసి, ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామన్న మాట అందరి ముందూ చెప్పాలి. చెప్పుకునే భాష ఇద్దరికీ అర్థమయ్యేది కావాలి, తెలుగులో నిక్షేపంగా చెప్పొచ్చు. సర్టిఫికెట్ పుస్తకంలో నమోదు అయిందంటే పెళ్ళి అయినట్టే. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు ఇది జరగకపోతే నోటీసు మురిగిపోతుంది, మళ్ళీ మొదటికి రావాలి.

ఒక ఏడాది క్యాలెండర్‌లో పెట్టి చూద్దాం. 2025 జూన్ 2, సోమవారం ఏలూరులో నోటీసు ఇచ్చారనుకోండి. జూలై 2తో గడువు తీరుతుంది. 3వ తేదీ గురువారం సంతకాలు చేయొచ్చు. సెప్టెంబరు మొదటికల్లా చేసి తీరాలి. కానీ జూన్ 26 నుంచి జూలై 24 దాకా ఆషాఢం, శూన్యమాసం. రిజిస్టరుకి శూన్యమాసం లేదు, అమ్మమ్మకి ఉంది. జూలై 25న శ్రావణం వస్తే ముహూర్తాలు దొరుకుతాయి, ఆగస్టు 24 నుంచి భాద్రపదం. శ్రావణంలో మండపం దొరక్కపోతే ఆశ్వయుజ, కార్తికాలు. అవీ జారిపోతే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సుమారు 80 రోజుల శుక్రమూఢం. అది దాటి దాళ్వా కోతలయ్యాక చూద్దామంటే 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, నిజ జ్యేష్ఠం ఒక్క నెల దాటితే మళ్ళీ ఆషాఢం. జూలైలో సంతకం చేసిన జంట పందిరి ఎక్కేసరికి ఏడాది దాటడం ఇలాగే.

కొల్లేరు చుట్టుపక్కల దీనికి ఇంకో లెక్క తోడవుతుంది. కొల్లేటి లంకల్లో డబ్బు నెలనెలా రాదు, చెరువు పట్టినప్పుడే వస్తుంది. ఆ చెరువు భద్రం కూడా నీటి చేతిలోనే ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీళ్ళన్నీ బయటికి వెళ్ళడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకి కొల్లేరు పొంగి ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికే నీళ్ళొచ్చాయి. అలాంటి ఏడాది ముందు రిజిస్టర్ చేయించి, విందు మళ్ళీ పట్టుబడి దాకా ఆపడం పిసినారితనం కాదు. అప్పు చేసి పందిరి వేయడం కన్నా వెయ్యి రెట్లు మంచి నిర్ణయం.

అయితే 1954 చట్టం దారిలో ఒక పెద్ద చిక్కుంది. మన తెలుగువాళ్ళం దీన్ని మరీ ముఖ్యంగా పట్టించుకోవాలి. 1954 చట్టం చివర నిషిద్ధ బంధుత్వాల పట్టిక ఉంది. అబ్బాయికి 37, అమ్మాయికి 37. అబ్బాయి పట్టికలో మేనత్త కూతురూ ఉంది, మేనమామ కూతురూ ఉంది, అక్క కూతురు కూడా ఉంది. అంటే మనం వరసైన సంబంధం అనుకునే మేనరికమే అక్కడ నిషిద్ధం. హిందూ వివాహ చట్టంలోనూ నిషేధం ఉంది గానీ ఆచారం ఒప్పుకుంటే చెల్లుతుంది, మన వైపు ఆ ఆచారం తరాలుగా ఉంది. 1954 చట్టంలో కూడా 1963లో ఆచారానికి చోటిస్తూ ఒక సవరణ చేశారు. కానీ ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉండాలి అన్నారు. మా ఇళ్ళలో మామూలేనండి అంటే చాలదు. నిషిద్ధ బంధుత్వంలో జరిగిన పెళ్ళి ఆ చట్టం కింద చెల్లనే చెల్లదు. కాబట్టి బావామరదళ్ళు వీసా తొందరలో ప్రత్యేక వివాహ చట్టం నోటీసు ఇవ్వబోయే ముందు వకీలుని కలవాలి. వాళ్ళకి క్షేమమైన దారి తిరగేసిన వరస. ఇంట్లోనో గుళ్ళోనో పదిమంది మధ్య సప్తపదితో సహా చిన్నగా పెళ్ళి చేసుకోవడం, తర్వాత హిందూ వివాహ చట్టం కింద నమోదు, పెద్ద విందు తీరిక మీద.

దండల పెళ్ళి చేసుకునే వాళ్ళకి కూడా ఒక మాట. కోస్తాలో పురోహితుడు లేని పెళ్ళిళ్ళకి పెద్ద చరిత్రే ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులోనే పెళ్ళి జరిపించడానికి 'వివాహ విధి' రాశారు. నాస్తికవాది గోరా కూతురు మనోరమ పెళ్ళి 1948 మార్చి 13న సేవాగ్రాం ఆశ్రమంలో మత తంతు లేకుండా జరిగింది. తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టానికి సెక్షన్ 7–ఎ చేర్చి, దండలు మార్చుకున్నా ఉంగరాలు తొడుక్కున్నా చెల్లేలా చేసుకుంది. మన రాష్ట్రంలో అలాంటి సవరణ లేదు. స్టేజీ మీద దండలు మార్చుకుని ఉపన్యాసాలతో పెళ్ళి చేసుకునే జంట 1954 చట్టం కింద నమోదు తప్పక చేయించుకోవాలి. ఆదర్శం గొప్పదే, అయితే రేపు ఆ అమ్మాయి భార్యనని రుజువు చేసుకోవాల్సి వస్తే ఉపన్యాసాలు అక్కరకి రావు.

రెండు తేదీల మధ్య కాలంలో జంట చట్టప్రకారం ఎక్కడ నిలబడి ఉంటుంది? 1954 చట్టం కింద చేసుకుంటే పూర్తిగా భార్యాభర్తలే. వేడుకకి ముందు అబ్బాయికి ఏమైనా అయితే అమ్మాయికి భార్య హక్కులన్నీ ఉంటాయి. మనసు మారితే శుభలేఖలు ఆపి ఊరుకుంటే సరిపోదు, విడాకులు తీసుకోవాలి. దానికి కూడా సర్టిఫికెట్ పుస్తకంలో ఎక్కిన తేదీ నుంచి ఏడాది గడవాలి. పందిరి వేయని పెళ్ళి కదా, తెంపేసుకుని ఇంకో సంబంధం చూద్దామని పెద్దలు చూస్తే అది రెండో పెళ్ళి నేరం అవుతుంది.

ఆస్తి పోతుందన్న భయం ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. రిజిస్టర్ పెళ్ళి చేసుకుంటే ఉమ్మడి కుటుంబం నుంచి తెగిపోతారని తాతలు చెప్పిన మాట ఒకప్పుడు నిజమే. 1954 చట్టంలోకి 1976లో 21–ఎ సెక్షన్ వచ్చాక ఇద్దరూ హిందువులైతే ఆ ముప్పు లేదు, వారసత్వం మామూలుగా హిందూ చట్టం ప్రకారమే నడుస్తుంది. మతాలు వేరైతే మాత్రం ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క, వారసత్వం భారత వారసత్వ చట్టం ప్రకారం. చెరువులు, పొలాలు ఉన్న ఇళ్ళు ఇది ముందే తెలుసుకుంటే తర్వాత మాటలు పడక్కర్లేదు.

కట్నం విషయంలో రెండు తేదీల మధ్య కాలం ప్రమాదకరమైనది. సంతకాలు అయిపోయాయి, అమ్మాయి వెనక్కి వెళ్ళలేదన్న ధైర్యంతో 'వేడుక మా తాహతుకి తగ్గట్టు జరగాలి' అని మొదలుపెట్టే వాళ్ళున్నారు. 1961 కట్న నిషేధ చట్టంలో కట్నమంటే పెళ్ళికి ముందు, పెళ్ళప్పుడు, పెళ్ళి తర్వాత ఎప్పుడైనా పెళ్ళికి సంబంధించి ఇచ్చేది, అడిగేది. ఇచ్చిపుచ్చుకుంటే శిక్ష కనీసం 5 ఏళ్ళ జైలు, 15,000 రూపాయలు లేదా కట్నం విలువలో ఏది ఎక్కువైతే అంత జరిమానా. పెళ్ళయిన 7 ఏళ్ళలోపు వేధింపుల మధ్య అమ్మాయి అసహజంగా చనిపోతే వరకట్న మరణం కింద విచారించే నిబంధన ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 80. 1954 చట్టం కింద ఒకటైన వాళ్ళకి ఈ ఏడేళ్ళ లెక్క సంతకాల రోజు నుంచి మొదలవుతుంది, తలంబ్రాల రోజు నుంచి కాదు. వేడుక మూడేళ్ళు ఆలస్యమైతే ఆ రక్షణలో మూడేళ్ళు అప్పటికే కరిగిపోయి ఉంటాయి. అమ్మాయి తల్లిదండ్రులు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

అమెరికాలో కౌంటీ ఆఫీసులో పెళ్ళి చేసుకుని సెలవులకి గూడెం వచ్చి పందిరి వేసే వాళ్ళ సంగతి కొంచెం వేరు. అక్కడ నోటీసు గోడ ఉండదు, లైసెన్సు ఉంటుంది. న్యూయార్క్‌లో లైసెన్సు తీసుకున్నాక 24 గంటలు, టెక్సస్‌లో 72 గంటలు ఆగాలి, కాలిఫోర్నియాలో ఆగక్కర్లేదు. న్యూయార్క్ లైసెన్సు 60 రోజులు, కాలిఫోర్నియాది 90 రోజులు పనిచేస్తుంది. డిసెంబరు 31న పెళ్ళి చేసుకున్నా అక్కడి పన్ను లెక్కలో ఆ ఏడాదంతా పెళ్ళయిన వాళ్ళే. వీళ్ళు చేసే పొరపాటు ఇండియా వచ్చి వేడుక చేసుకున్నాక ఆ తేదీతో ఇక్కడ రెండో సర్టిఫికెట్ తీసుకోవడం. అప్పుడు హెచ్–4 వీసా ఫారంలో ఒక తేదీ, గ్రీన్ కార్డు ఫారంలో ఇంకో తేదీ పడి, ఏది నిజమో ఆఫీసరుకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. మొదటి సర్టిఫికెట్‌నే అపోస్టిల్ (విదేశీ పత్రాలకి వేసే ధ్రువీకరణ ముద్ర) చేయించి ఇక్కడ వాడుకోవచ్చు. అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005 నుంచి ఉంది.

ఇక పెద్దల అభ్యంతరం. అయిపోయిన పెళ్ళికి మళ్ళీ తాళి కట్టడమేంటి అంటారు. మన సంప్రదాయం అంత బిగువైంది కాదు. 60 నిండిన తాతగారు షష్టిపూర్తిలో అదే నాయనమ్మకి మళ్ళీ తాళి కడతారు. 70కి భీమరథ శాంతి. వెయ్యి పున్నములు చూసిన వాళ్ళకి సహస్ర చంద్రదర్శనం, లెక్కవేస్తే 80 ఏళ్ళ పది నెలలకి వస్తుంది. ఏలూరు జిల్లాలోనే ఉన్న ద్వారకా తిరుమలలో గర్భగుడిలో రెండు మూర్తులున్నందుకు స్వామికి ఏటా రెండుసార్లు, వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి కల్యాణం చేస్తారు. ఆ కొండ మీదే మన పిల్లల పెళ్ళిళ్ళు ఎన్నో జరుగుతున్నాయి. ఒకటైన జంటని మళ్ళీ పీటల మీద కూర్చోబెట్టి అక్షింతలు వేయడం మనకి బాగా అలవాటైన పనే.

నాకు బాధ కలిగించేది దాచిపెట్టడం. సంతకాలైన సంగతి బంధువులకి తెలియకూడదని, 'చి.సౌ.'కి బదులు 'చి.ల.సౌ.' అనే వేయించి, అమ్మాయిని ఏడాదిపాటు పుట్టింట్లో పెళ్ళికాని పిల్లలా తిప్పుతారు. ఈలోగా ఎవరో సంబంధం తెస్తారు, కాదనడానికి అబద్ధాలు ఆడాలి. ఆ బరువంతా అమ్మాయి ఒక్కతే మోస్తుంది. 'ఫలానా తేదీన రిజిస్టర్ వివాహం చేసుకున్న మా పిల్లల్ని ఆశీర్వదించడానికి రండి' అని శుభలేఖలో ఒక్క వాక్యం వేయిస్తే ఆ బరువు దిగిపోతుంది. వచ్చేవాళ్ళు ఆ వాక్యం చూసి రావడం మానరు. 2020 మేలో కోవిడ్ వల్ల కేంద్రం పెళ్ళికి 50 మందే అని పరిమితి పెట్టినప్పుడు ముందు తాళి, ఎప్పుడో విందు అన్న పద్ధతికి ఊళ్ళకి ఊళ్ళే అలవాటు పడ్డాయి.

రెండు తేదీలు వద్దు అనుకునే వాళ్ళకి చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది, వాడుకునే వాళ్ళు బహు తక్కువ. సెక్షన్ 12 ప్రకారం 1954 చట్టం పెళ్ళి ఆఫీసులోనే జరగాలని లేదు. అదనపు ఫీజు కడితే అందుబాటు దూరంలో ఉన్న వేరే చోట కూడా జరపొచ్చు. పెళ్ళి ఏ పద్ధతిలో చేసుకోవాలన్నది కూడా జంట ఇష్టమే. స్వీకరిస్తున్నామన్న ఆ మాటలు ఆఫీసర్ ముందు, ముగ్గురు సాక్షుల ముందు చెబితే చాలు. అంటే 30 రోజుల ముందే నోటీసు ఇచ్చి పెట్టుకుంటే జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, ఆఫీసర్ సంతకం మూడూ ఒకే మండపంలో, ఒకే పూట అయిపోవచ్చు. ముహూర్తం నోటీసు తేదీ నుంచి మూడు నెలల్లోపు పడేలా చూసుకోవాలి. మండపానికి అడ్వాన్సు ఇచ్చే ముందు ఏలూరులో అయినా గూడెంలో అయినా సబ్ రిజిస్ట్రార్ గారిని కలిసి, ఆ రోజు రావడానికి వీలవుతుందా, ఫీజు ఎంత, ఏ కాగితాలు తేవాలి అని అడిగి రండి.